ఖాళీ లేదు – 14: చివరి చరణానికి ముగ్గురు

పోయిన వారం నన్ను మా తమ్ముడి ఫోను చేతిలో పెట్టి వంటింటి గుమ్మంలో నిలబెట్టేసి వెళ్ళిపోయారు మీరు. నేనింకా అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు చెప్పేస్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి.

మా తమ్ముడు ర్యాప్ పాడతాడు. ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు కాబట్టి లోకం వాణ్ణి గడగడ అంటుంది. పదేళ్ళుగా ఇతరుల పాటల్లో అతిథిగా దూరి, తన వంతు చెప్పేసి రావడమే వాడి వృత్తి. మొదటిసారి ఇప్పుడు సొంత ఆల్బం చేస్తున్నాడు. పేరు ‘ఖాళీ లేదు’. పదకొండు పాటలు, పంతొమ్మిది మంది అతిథులు. ఇన్నాళ్ళూ ఎవరెవరి పాటల్లో వీడు పాడాడో వాళ్ళందరూ ఇప్పుడు వీడి పాటల్లో పాడుతున్నారు. మా ర్యాప్ వాళ్ళలో అదే పద్ధతి, చరణానికి చరణం. ఇక ఆ పంతొమ్మిది గొంతుల్నీ రికార్డు చేసేది, కోసేది, కలిపేది, వాళ్ళకు టీ పెట్టేది నేను. ఈ శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా పాటలన్నీ మ్యూజిక్ కంపెనీకి చేరాలి. చేరకపోతే ఆల్బం వాళ్ళ జాబితాలోంచి పోతుంది. వీడి చోటు కోసం ఇంకో పది మంది కాచుకుని కూర్చున్నారు.

ఆ శుక్రవారం ఇదే. టైము మధ్యాహ్నం రెండున్నర. మిగిలింది ఒక్క పాట, ఆల్బానికి పేరిచ్చిన పాట. దానికి రావలసినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురికీ గడగడ పంపిన సందేశాలు ఫోనులో నా కళ్ళెదుట ఉన్నాయి. ఇద్దరికి ‘చివరి చరణం మీదే’, ఒకరికి ‘చివరి చరణం నీదే’. మర్యాదలో తప్ప తేడా లేదు. మూడింటికీ కింద ‘ఎవరికీ చెప్పొద్దు’ అని ఒక తోక.

చివరి చరణం అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. చాలామంది కలిసి చెప్పే పాటలో అందరికన్నా గట్టివాడు చివర వస్తాడు. ముందువాళ్ళు ఎంత ఇరగదీసినా వినేవాడి చెవిలో మిగిలేది ఆ గొంతే. దానికోసం ఒకే గదిలో పెరిగిన స్నేహితులు మాటలు మానుకోవడం నేను చూశాను. అలాంటిదాన్ని మా వాడు ఇంటికి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చినట్టు ముగ్గురికీ ఇచ్చేశాడు.

బెల్లు మోగింది.

“అక్కా, నేను బాత్రూంలో ఉన్నానని చెప్పు,” అన్నాడు గడగడ, బాత్రూం వైపు నడుస్తూ.

“ముందు ఇలా తగలడు.”

“కడుపులో ఏదోలా ఉందక్కా.”

“ఉండదూ మరి? ఒకే మాట మూడుసార్లు ఇచ్చి కూర్చున్నావు.”

లోపల్నించి గడియ పడింది. నేను వెళ్ళి వీధి తలుపు తీశాను.

మొదట వచ్చినాయన పెద్దాయన. ఈ ఊళ్ళో ర్యాప్ అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో మొదలుపెట్టిన మనిషి. యాభై నాలుగేళ్ళు. మోకాలు అరిగింది గానీ గొంతు అరగలేదు. ఎక్కడికి వెళ్ళినా చంకలో తన దిండు తనే తెచ్చుకుంటాడు. మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో కుర్చీలో దిండు వేసుకుని కూలబడి, “నాకేం తొందర లేదమ్మాయ్. నాది ఎలాగూ చివరిదే కదా. మిగతావాళ్ళను కానియ్యి,” అన్నాడు.

నేను వెళ్ళి టీ పెట్టాను.

రెండో మనిషి పళ్ళ డాక్టరు. పగలంతా పిల్లల నోళ్ళు తెరిపిస్తుంది, సాయంత్రం తన నోరు తెరుస్తుంది. పన్ను పీకేముందు పిల్లలతో మాట్లాడే గొంతు, మైకు ముందు మాట్లాడే గొంతు ఒకే మనిషివంటే నమ్మడం కష్టం. తెల్ల కోటు కూడా విప్పకుండా వచ్చింది. “నాలుగున్నరకి ఒక పిల్లాడి దవడ పన్ను ఉందండీ. చివరిది నాదని తెలుసు, కానీ ముందే రికార్డు చేసేసి మీరు చివర అతికించుకోవచ్చు కదా?” అంది నాతో.

దిండు మీద పెద్దాయన కదిలాడు.

ఇంతలో తలుపు పై కమ్మీకి తల తగలకుండా వంగుతూ క్రేన్ వచ్చాడు. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట క్రేన్ నడుపుతాడు. రోజంతా ఆకాశంలో ఆ చిన్న గదిలో ఒక్కడే కూర్చుని తనలో తను మాట్లాడుకుంటూ చరణాలు అల్లుతాడు. కిందికి దిగాక కూడా నలభై అంతస్తుల కింద ఉన్నవాడికి వినిపించేలా మాట్లాడటం వాడికి అలవాటు.

“అక్కా! లాస్టు మనదే! కాగితం కూడా అక్కర్లేదు, మొత్తం నోటికొచ్చు!”

మా ముందుగది చిన్నది. నా రికార్డింగు మిషన్లు పెట్టిన బల్ల, నాలుగు కుర్చీలు, ఆ పక్కన బయటి చప్పుడు దూరకుండా గోడలకి దుప్పట్లు కొట్టిన స్టోరు గది. మైకు అందులో ఉంటుంది. రెంటికీ మధ్య మూతపడిన చెప్పుల కొట్టు నుంచి కొనుక్కొచ్చిన అద్దం. దాని మీద రంగుతో వేసిన బూటు బొమ్మ ఎంత గీకినా పోలేదు. అందుకని లోపల పాడేవాళ్ళ నుదుటి మీద ఎప్పుడూ ఒక బూటు ఉంటుంది. రికార్డింగప్పుడు చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేస్తాం. ఆ ఉక్కలో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే ఫోను తీసి బల్ల మీద పెట్టారు. మూడు ఫోన్లు, మూడు సందేశాలు.

“ఎవరికీ చెప్పొద్దన్నాడు,” అంది డాక్టరు మెల్లగా.

“నాకూ అన్నాడు,” అన్నాడు పెద్దాయన.

క్రేన్ నేరుగా వెళ్ళి బాత్రూం తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. “అన్నా. నువ్వు వస్తావా, తలుపుతో సహా ఎత్తమంటావా?”

గడియ తీసిన చప్పుడైంది. గడగడ బయటికి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు కాబోలు, నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడు ఊపిరి మాత్రమే తీసుకుంటూ నిలబడ్డాడు. నాకు జాలి వేసింది, దాని వెంటే ఒళ్ళు మండింది.

“చెప్పరా. అందరూ నీకోసమే వచ్చారు,” అన్నాను.

“అంటే… నేనేమనుకున్నానంటే… పాటని మూడు రకాలుగా విడుదల చేద్దాం. ఒకదాంట్లో పెద్దాయన చివర, ఒకదాంట్లో డాక్టరుగారు, ఒకదాంట్లో…”

క్రేన్‌కి నవ్వాగలేదు. ఆ నవ్వుకు బల్ల మీద స్పీకరు గలగలలాడింది. డాక్టరు కూడా కోటు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

“నువ్వెవరికీ కాదనలేదు, మంచిది. ఇంతకీ ఔనన్నది ఎవరికిరా?”

గడగడ మొహం తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు.

“సరే, ముందు ఏం రాసుకొచ్చారో చదవండి,” అన్నాను నేను. “ఎవరిది ఎక్కడ అతుకుతుందో చూద్దాం.”

చదివారు. పెద్దాయనది ‘ఇక సెలవు’ అని ముగిసింది. డాక్టరుది ‘దీపం ఆర్పేస్తున్నా, తలుపు మూసెయ్యండి’ అని. క్రేన్‌ది ‘తాళం వేశా, తాళంచెవి విసిరేశా’ అని. మూడూ అద్భుతంగా ఉన్నాయి. మూడూ వీడ్కోళ్ళే! ముగ్గురూ చివర వస్తున్నామనే రాశారు కాబట్టి పాటలో అందరూ వెళ్ళిపోతున్నారు, లోపలికి వచ్చేవాడు ఒక్కడూ లేడు. దీపం ఆర్పినావిడ తర్వాత సెలవు తీసుకునే పెద్దాయన చీకట్లో తడుముకోవాలి. ఇంత తల లేని పాట నా జన్మలో చూడలేదు.

“మరి మొదటి చరణం ఎవరిది?” అంది డాక్టరు.

అందరం గడగడ వైపు తిరిగాం.

“మొదటిది ఎవరూ అడగలేదు,” అన్నాడు వాడు.

నేను నా కుర్చీలో కూర్చుని పాటని తెర మీద తెరిచాను. నా పద్ధతేమిటంటే ఒక్కో గొంతుకి ఒక్కో రంగు ఇస్తాను. గడగడది పసుపు. ఈ పాటలో ముగ్గురి కోసం వదిలిన మూడు జాగాలున్నాయి. పల్లవి పాడిన అమ్మాయిది నీలం. మొదట్లో నవ్వే నవ్వు ఇంకొకరిది. మధ్యలో ఈల ఇంకొకరిది. అటు చూశాను, ఇటు చూశాను. తెరని పెద్దది చేసి చూశాను.

“ఒరేయ్, నీ రంగేదిరా?”

“ఏదక్కా?”

“పసుపు. ఈ పాటలో నువ్వెక్కడున్నావు?”

వాడు నా భుజం మీదుగా తెరలోకి వంగాడు. చాలాసేపు చూశాడు. నేను ఆగలేక మిగతా పది పాటలూ ఒకదాని పక్కన ఒకటి తెరిచాను. ఇన్నాళ్ళూ ఒక్కో పాట విడిగా చేస్తూ పోయానే గానీ అన్నీ ఒకచోట పెట్టి చూడలేదు. ఆ తప్పు నాదే. యాభై ఒక్క నిమిషాల ఆల్బం. అందులో పసుపు మొత్తం ఏరి కలిపితే ఏడు నిమిషాలు. అందులోనూ సగం ‘ఆహా, రండి రండి, ఇప్పుడు వస్తున్నదెవరో తెలుసా’ అని పిలుపులే. సొంత ఆల్బంలో మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తున్నాడు. ఆల్బం పేరు పెట్టుకున్న పాటలోనైతే కుర్చీలు వేసే పని కూడా లేదు.

“ఖాళీ లేదు నిజమేరా,” అన్నాను. “నీకే లేదు.”

“అందరికీ చోటివ్వాలి కదక్కా…” అన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, “మొదటిది నువ్వు చెప్పక్కా,” అన్నాడు.

నేను విననట్టు మౌసు కదిపాను. కానీ పళ్ళ డాక్టరు విన్నది.

“మీరు పాడతారా? మీ గొంతు ఎక్కడో విన్నట్టే అనిపిస్తూ ఉంది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. మధ్యలో పదహారు లైన్లు ఖాళీగా వదిలేసిన పాట, చాలా ఏళ్ళ కిందట… ఆ గొంతు మీదా? నేను కాలేజీలో ఉండగా ఎన్నిసార్లు విన్నానో! మాటలన్నీ ఆగిపోయి ఉత్త దరువు నడుస్తుంది చూడండి, అక్కడ ఒళ్ళు జలదరించేది. ఎంత గొప్ప ప్రయోగమండీ!”

పదకొండేళ్ళుగా ఆ ‘ప్రయోగం’ అనే మాట విని నవ్వి ఊరుకుంటున్నాను. ఆ రోజు ఊరుకోలేకపోయాను. ఉక్క, ఆకలి, తెర మీద లేని ఆ పసుపు రంగు, అన్నీ కలిసి నన్ను లేపి నిలబెట్టాయి.

“ప్రయోగం లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ పదహారు లైన్లూ వీడివి. వీడు రాలేదు.”

క్రేన్ తన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“అప్పుడు నాకు ఇరవై నాలుగు, వీడికి పదిహేడు. రికార్డింగ్ గది అంటే అప్పట్లో పెద్దాయన గదొక్కటే. బతిమాలి ఒక్క పూట అడిగాను. నా మొదటి పాట. దాంట్లో ఒకే ఒక్క అతిథి, మా తమ్ముడు. ‘సరే అక్కా, పన్నెండింటికల్లా వస్తా’ అన్నాడు. ఆ పూటంతా చూశాను. చివరికి వాడి జాగా అలాగే ఖాళీగా వదిలి పాట మూసేశాను. ఎందుకు రాలేదురా అని ఇంటికెళ్ళి అడిగితే ‘మర్చిపోయానక్కా’ అని నవ్వాడు. ఆ మర్నాటి నుంచి నేను మైకు ముందుకి వెళ్ళలేదు. అద్దానికి ఇవతల కూర్చోవడం నేర్చుకున్నాను.”

ఆ ఖాళీని ప్రయోగం అని నలుగురికీ చెప్పి నా పరువు కాపాడింది పెద్దాయనే. అందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నానని అందరి ముందూ అన్నాను. పెద్దాయన మోకాలు రాసుకుంటూ నేల చూస్తున్నాడు. గడగడ గోడకి ఆనుకుని నిలబడి ఆయన్నే చూస్తున్నాడు.

టైము నాలుగూ పది.

ఎలా వచ్చిందో తెలియదు, ఎక్కడినుంచో నా కాళ్ళలోకి ఒక ఊపు వచ్చింది. కోపమే అయి ఉంటుంది. కోపం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

“వినండి. మొదటి చరణం నేను చెబుతాను. చివరిది వీడు చెబుతాడు, దరువు ఆ మేరకు పొడిగిస్తాను. మధ్యలో మీరు ముగ్గురూ, ఎవరు ముందో ఎవరు వెనకో నేను తేలుస్తాను. కానీ మీరు తెచ్చినవి పనికిరావు. నేను చెప్పినదానికి మీరు జవాబు చెప్పాలి. ఇక్కడే, ఇప్పుడే రాయాలి. ఇష్టమైతే ఉండండి, కష్టమైతే టీ తాగి వెళ్ళండి.”

“గంటన్నరలోనా?” అంది డాక్టరు.

“గంటన్నర కూడా లేదు. కలిపి పంపడానికే పాతిక నిమిషాలు పోతాయి.”

ఆమె ఫోను తీసి క్లినిక్‌కి చేసింది. “ఆ దవడ పన్ను రేపటికి మార్చమ్మా. ఏం చెప్పాలా? డాక్టరుగారికే పళ్ళు నూరే పనుందని చెప్పు.” ఫోను పెట్టేసి తెల్ల కోటు విప్పి కుర్చీకి తగిలించింది. క్రేన్ అప్పటికే నేల మీద బాసింపట్టు వేసుకుని నా దగ్గర కాగితం లాక్కున్నాడు. నోటికొచ్చిన చరణం పోయినందుకు రవ్వంత బాధ కూడా లేదు వాడి మొహంలో, పండగొచ్చినంత సంబరం తప్ప. పెద్దాయన ఒక్కడే కాసేపు ఆలోచించాడు. తర్వాత తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దిండు కిందికి తోసేసి, “పెన్ను ఇయ్యి,” అన్నాడు.

నేను పదిహేను నిమిషాల్లో రాశాను. రాశాననడం కూడా తప్పు, పదకొండేళ్ళుగా లోపల పేరుకున్నదాన్ని కిందికి దించాను. గడగడని నా కుర్చీలో కూర్చోబెట్టి ఏ మీట నొక్కాలో చూపించి స్టోరు గదిలోకి వెళ్ళాను. దుప్పట్ల వాసన. మైకు నా ఎత్తుకి దించుకున్నాను. చెవుల్లో దరువు మొదలైంది. అద్దం అవతల నాలుగు మొహాలు. నా నుదుటి మీద బూటు ఉండే ఉంటుంది, ఉండనీ.

*గొడుగులు బయటే, గొంతులు లోపలికి తెండి,*
*తలుపు తీసే ఉంది, తోసుకుంటూ రండి.*
*పదకొండేళ్ళు అద్దం వెనక కాపలా కాశా,*
*పదిమంది గొంతులకి పాలిషు వేశా,*
*మీ దగ్గులు కోశా, మీ తప్పులు మూశా,*
*నా ఊపిరొక్కటే ఏ పాటలో పడకుండా చూశా.*

ఆరో లైను దగ్గర క్రేన్ లేచి నిలబడ్డం కనిపించింది. డాక్టరు రాస్తున్నది ఆపేసి కాగితం అడ్డంగా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. నాకు చెమటలు పోస్తున్నాయి. నవ్వొస్తోంది. ఇంత సంతోషం ఇన్నేళ్ళు ఎవరి మీద అలిగి వదులుకున్నానో అనిపించి ఏడుపు కూడా వచ్చింది, కానీ లైను మాత్రం తప్పలేదు.

*ఖాళీ లేదన్నారు, నాకెప్పుడు చోటుంది?*
*కుర్చీలన్నీ నిండాయా? నిలబడే చోటుంది.*
*నిలబడ్డా, వినబడ్డా, ఇక మీ వంతు,*
*బదులివ్వండి చూస్తా ఎవరికుందో గొంతు!*

ఒక్క దెబ్బలో అయిపోయింది. రెండోసారి చెప్పాల్సిన పని లేదు. బయటికి రాగానే క్రేన్ నన్ను అమాంతం ఎత్తి కింద పెట్టాడు. అలవాటు కదా.

ఆ తర్వాత ముప్పావుగంట ఎలా గడిచిందో నన్నడక్కండి. క్రేన్ లోపలికి వెళ్ళి, పైనుంచి చూస్తే కుర్చీలో కూర్చున్నవాడూ నిలబడ్డవాడూ ఒకే చుక్కలా కనిపిస్తారని చెప్పాడు. అరుస్తాడేమోనని మైకు వాల్యూము తగ్గించి పెట్టుకున్నాను, వాడు గుసగుసగా చెప్పాడు. నలభై అంతస్తుల మనిషి గుసగుసలాడితే ఇంత బాగుంటుందని ఎవరికి తెలుసు? డాక్టరు ‘నోరు తెరువు’ అని మొదలుపెట్టి, నోరు తెరవడానికి భయపడే పిల్లలందరినీ నాకు జవాబుగా తెచ్చి నిలబెట్టింది. మధ్యలో ఒకచోట ఊపిరి అందక తిట్టుకుంది. ఆ తిట్టు అలాగే ఉంచేశాను. పెద్దాయన అందరికన్నా పొట్టిగా రాశాడు. మోకాలి వల్ల కూర్చునే చెబుతానన్నాడు. గొంతు ఎప్పటిలాగే ఉరుము. కానీ నేను ‘బదులివ్వండి’ అని అడిగినదానికి ఆయన బదులు ఇవ్వలేదు, తన పాత రోజుల గురించి చెప్పుకున్నాడు. ఇదేమిటి, ఈయన తప్పించుకుంటున్నాడేం అనుకున్నాను. అడగడానికి టైము లేదు.

అయిదూ ఇరవై అయిదు. పంపడానికి పది నిమిషాలు, కలపడానికి పదిహేను. మిగిలింది పది.

“పోరా,” అన్నాను. “పోయి నీ ఇల్లు మూసుకుని రా.”

గడగడ లోపలికి వెళ్ళాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను దరువు వదిలాను. దరువులో నాలుగు లెక్కలు పోయాయి, ఎనిమిది పోయాయి. వాడు నోరు తెరవలేదు. ఆపి మళ్ళీ వదిలాను. మళ్ళీ అంతే.

“ఏమైందిరా?”

స్పీకర్లో వాడి గొంతు సన్నగా వచ్చింది. “అక్కా, నా దగ్గరేమీ లేదు.”

“ఏమీ లేకపోవడమేమిటి?”

“ఎవరైనా పిలిచి, ఇదీ సంగతి, దీని గురించి చెప్పు అంటే చెబుతాను. పదేళ్ళు అదే చేశా. నాది అని చెప్పడానికి… వెతుకుతున్నా, ఏమీ దొరకట్లేదు. చివరిది పెద్దాయనకే ఇచ్చెయ్యి. నేను వస్తున్నా.”

చెవులకున్నవి తియ్యబోయాడు. నాకు తెలిసిపోయింది. ఇప్పుడు ఆ గదిలోంచి బయటికి వస్తే మా తమ్ముడు జీవితాంతం ఎవరో ఒకరి పాటలో అతిథిగానే మిగిలిపోతాడు. ఆల్బం వస్తుంది, అందరూ మెచ్చుకుంటారు, అది వాడిది మాత్రం కాదు.

“తియ్యకు!” అని అరిచాను. “ఎవరైనా పిలవాలి, అంతే కదా? నేను పిలుస్తున్నా. పదకొండేళ్ళ కింద పిలిచా, మళ్ళీ పిలుస్తున్నా. నా పాటకి ఎందుకు రాలేదో చెప్పు. మర్చిపోయానన్నావు. అబద్ధం. ఆ రోజు నీ మొహం నాకు తెలుసు. పదహారు లైన్లు ఖాళీ ఉన్నాయి, నిజం చెప్పు.”

వాడు అద్దంలోంచి చూశాడు. నన్ను కాదు, నా వెనక్కి. తర్వాత కళ్ళు మూసుకుని తలూపాడు.

నేను మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. నాలుగు లెక్కలు. ఎనిమిది. గడగడ ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి తీసుకోవడం నాకు స్పీకర్లో స్పష్టంగా వినిపించింది. పదేళ్ళలో మొదటిసారి వాడు నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు.

*వచ్చానక్కా ఆ రోజు, గుమ్మం దాకా వచ్చా,*
*నన్నాపిన చెయ్యి ఎవరిదో ఇన్నాళ్ళూ దాచా…*

నా వెనక కుర్చీ కిర్రుమంది. దిండు నేల మీద పడింది. అరిగిన మోకాలితో ఏ ఆసరా లేకుండా లేచి నిలబడ్డాడు పెద్దాయన.

“ఆపమ్మా,” అన్నాడు. ఆ ఉరుము గొంతులో ఉరుము లేదు. “నీకు దణ్ణం పెడతాను. ఇక్కడితో ఆపెయ్యి.”

టైము అయిదూ ముప్పై మూడు. నా వేలు మీట మీదే ఉంది.

నేను ఆపలేదు.